చివరి పేజీలు లేని పుస్తకాలు

మహారాణిపేటలో మేమున్న వీధి మలుపులో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. ఒక పెంకుటింటి ముందు గది అది. మూడు గోడలకీ చెక్క అరలు, మధ్యలో బల్ల, బల్ల మీద పొడుగాటి ఖాతా పుస్తకం. ప్రతి నవలకీ ఖాకీ అట్ట వేసి, దబ్బనంతో బెజ్జాలు పొడిచి, లావుపాటి దారంతో కుట్టేసేవారు. ఆ కుట్టు ఎంత లోపలికి వచ్చేదంటే, కుట్టు వైపున్న అక్షరాలు ఒకటో రెండో కనపడేవి కావు. ఊహించుకుని చదువుకోవడమే. అద్దె రోజుకి పావలా. షాపాయన్ని మా వీధి పిల్లలందరం లైబ్రరీ మావయ్య అనేవాళ్ళం.

1982 ఎండాకాలం. నా ఎనిమిదో తరగతి పరీక్షలైపోయాయి. మధ్యాహ్నం మూడింటికి సముద్రం మీంచి గాలి తిరిగేది. అప్పటిదాకా ఇల్లు కదలనిచ్చేవారు కాదు. గాలి తిరగ్గానే నాన్నమ్మ దగ్గర పావలా తీసుకుని షాపుకి పరిగెత్తడం, రాత్రి పదిలోపు నవల ముగించడం, మర్నాడు మళ్ళీ అదే. సాంఘిక నవలలు అమ్మకీ పిన్నికీ. నాకు డిటెక్టివ్ నవల తప్ప ఇంకోటి అక్కర్లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు నాకు మా ఇంట్లో మనుషులతో సమానం. మా విశాఖపట్నంలోనే పుట్టిన ఆరుద్ర గారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారని తాతయ్య చెప్పినప్పుడు, అంత పెద్ద కవిగారు రాశారంటే ఇవి చదవడం తప్పేం కాదన్నమాట అని నాకెంతో ధైర్యం వచ్చింది.

ఆ ఎండాకాలంలోనే చివరి పేజీలు మాయమవడం మొదలైంది.

డిటెక్టివ్ నవలకి చివరి పేజీలు పోతే ఎలా ఉంటుందో చదివినవాళ్ళకే తెలుస్తుంది. ఇంట్లో అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. డిటెక్టివ్ సిగరెట్ వెలిగించి, హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు అంటాడు. పేజీ తిప్పితే ఖాకీ అట్ట. అంతే. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి నోటు పుస్తకం, పెన్సిలు తీసుకుని బయల్దేరాను.

మావయ్యని బతిమాలి ఖాతా పుస్తకం చూశాను. చివర పోయిన పుస్తకాలు పదకొండు తేలాయి. తీసుకెళ్ళినవాళ్ళు వేర్వేరు మనుషులు. వాళ్ళలో ఒకరి మీద అనుమానపడటానికి లేదు. కానీ అందులో రెండు పుస్తకాలు నేను అంతకు ముందే పూర్తిగా చదివినవి. నేను తిరిగి ఇచ్చాక అవి అసలు అద్దెకే వెళ్ళలేదు. ఇప్పుడు చూస్తే వాటికీ చివర లేదు. అంటే పేజీలు షాపులోంచే పోతున్నాయి. ఇంకోటి, ఆ కాగితాలు పీకినట్టు లేవు. కుట్టు పక్కనే బ్లేడుతో గీసినట్టు, సన్నటి పేలిక మిగిల్చి, శుభ్రంగా కోసి ఉన్నాయి. అట్టలు కత్తిరించే బ్లేడు షాపు బల్ల సొరుగులో ఉండేది.

ఆఖరి ఆనవాలు పన్నెండో పుస్తకంలో దొరికింది. దానికి చివరి పేజీలు ఉన్నాయి, కానీ మళ్ళీ అతికించి ఉన్నాయి. జిగురుతో కాదు, అన్నం మెతుకులతో. మెతుకు నలిగి ఎండిపోయి, వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండు నెత్తళ్ళ వాసన.

షాపులో పనికి ఒక కుర్రాడు ఉండేవాడు. నాకంటే ఏడాది పెద్ద ఉంటాడేమో. చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేట నుంచి నడిచి వచ్చేవాడు. ఏడుతో చదువు మానేశాడు. నిచ్చెనెక్కి పుస్తకాలు తీసివ్వడం, అట్టలెయ్యడం, దారం కుట్టడం వాడి పని. వాడి పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు వాడికీ మనవలు ఉండి ఉంటారు.

సాయంత్రం ఆరింటికి, షాపులో నలుగురూ ఉన్నప్పుడు చూసుకుని చెప్పాను. నవల్లో చెప్పినట్టే చెప్పాను. ముందు ఖాతా, తర్వాత బ్లేడు, తర్వాత మెతుకు, చివర వాసన. వాడప్పుడు నిచ్చెన మీద ఉన్నాడు. నావైపు చూడలేదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని అరలో దాని చోటులో పెట్టి, వీపు తట్టి సర్దాడు. తర్వాత దిగాడు.

“మళ్ళీ అతికించీసేవోణ్ణి బాబూ,” అన్నాడు మావయ్యతో. ఇంకేం అనలేదు.

మావయ్య ఆ పూటకి ఆ పూటే వాడిని పంపించేశాడు. ఎందుకు చేశావురా అని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. డిటెక్టివ్ నవల్లో అయితే ఆ ప్రశ్నకి ఒక అధ్యాయం మొత్తం ఇస్తారు. మా షాపులో దానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. నలుగురూ నన్ను మెచ్చుకున్నారు. ఇవి ఎలాగూ అద్దెకి పోవు, నువ్వే ఉంచుకో తల్లీ అని మావయ్య ఆ పదకొండు పుస్తకాలూ నాకే ఇచ్చేశాడు. గర్వంగా గుండెలకి హత్తుకుని ఇంటికొచ్చాను. చివర లేని పదకొండు నవలలు.

మా ఇంటికి రోజు విడిచి రోజు చేపల గంప తెచ్చే ఆవిడ ఒకావిడ ఉండేది. వంజరం తెచ్చినా నెత్తళ్ళు తెచ్చినా ముందు మా గుమ్మంలోనే గంప దింపేది. నాన్నమ్మకీ ఆవిడకీ బేరం అరగంట నడిచేది. అందులో చేపల గురించి పది నిమిషాలు, మిగతాది రెండు కుటుంబాల కష్టసుఖాలు. నాలుగు రోజుల తర్వాత వచ్చి, గంప దింపుతూనే, మా గుంటడిని పనిలోంచి తీసీసినారమ్మా అంది. నేను పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. షాపులో కుర్రాడు ఈవిడ కొడుకని నాకు అప్పటిదాకా తెలీదు.

“ఏం చేశాడే?” అంది నాన్నమ్మ.

“ఏవో కాయితాలు కోసీసినాడంటమ్మా, పుస్తకాల్లోవి.”

“ఎందుకే?”

మా వీధి మొత్తంలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి మా నాన్నమ్మ.

“ఆళ్ళ నాన్న కోసం,” అందావిడ. ఆయన తెప్ప ఒడ్డుకొస్తుండగా కెరటం తిరగేసి, దుంగ కాలి మీద పడింది. కేజీహెచ్ ఆస్పత్రిలో కట్టు కట్టారు. రెండు నెలలుగా చాప మీదే. పగలు ఎలాగో గడిచేది, రాత్రి నొప్పికి నిద్ర పట్టేది కాదు. వీడు పగలంతా షాపులో సందు దొరికినప్పుడల్లా చదివిన కథని రాత్రి తండ్రికి చెప్పేవాడు. ముప్పావు వంతు చదివేసరికి షాపు కట్టేసే టైమయ్యేది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళనివ్వరు, అద్దె కట్టడానికి వీడి దగ్గర పావలా లేదు. అందుకని ఆఖరి కాగితాలు కోసి లాగు జేబులో పెట్టుకుని తెచ్చేవాడు. మొదట్లో ఒకటి మళ్ళీ అతికించాడు. తర్వాతవి వానకి తడిసి, పిల్లల చేతుల్లో నలిగి, అతికించే స్థితిలో లేవు.

“ఆయనకి ఎవలు సంపినారో అక్కర్లేదమ్మా. ఎందుకు సంపినాడో సెప్పకపోతే మాత్రం పడుకోడు.”

నా చేతిలో పళ్ళెం వణికింది. నాన్నమ్మ చూసింది కానీ ఏమీ అనలేదు.

మా తాతయ్య ప్లీడరు గుమాస్తాగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు రామకృష్ణా బీచి దాకా నడిచి, ఇసకలో కండువా పరిచి కూర్చునేవారు. ఆ రోజు నేనూ వెళ్ళాను. జరిగిందంతా చెప్పి, తప్పు చేశానా తాతయ్యా అని అడిగాను. ఆయన చప్పున జవాబిచ్చే మనిషి కాదు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దీపం వెలిగేదాకా ఏమీ మాట్లాడలేదు.

“నువ్వు కనిపెట్టింది నిజమే కదా?” అన్నారు చివరికి. “వాడు కోశాడు. ఆ పుస్తకాలు చదివినవాళ్ళు నష్టపోయారు. అందులో నువ్వూ ఉన్నావు. అది మారదు.”

అప్పుడు కోర్టు సంగతి చెప్పారు. ఆ వయసులో సగమే అర్థమైంది, మిగతా సగం పెద్దయ్యాక చదివి సరిచూసుకున్నాను. కోర్టులో ముందు చేశాడా లేదా అన్నది తేలాలి. కళ్ళారా చూసిన సాక్షి ఉండి, ఆ సాక్షి మాట నిలిస్తే, ఎందుకు చేశాడన్నది రుజువు కాకపోయినా శిక్ష పడుతుంది. చూసినవాళ్ళు ఎవరూ లేక, ఆనవాళ్ళని గొలుసులా పేర్చుకుంటూ వెళ్ళాల్సిన కేసుల్లో మాత్రం మోటివ్, అంటే ఆ ఎందుకు అన్నది, గొలుసులో ఒక ముఖ్యమైన లింకు. ఇంకో ముక్క కూడా చెప్పారు, అది అన్నిటికంటే నాకు పనికొచ్చింది. ఉద్దేశం వేరు, కారణం వేరు. చంపాలనే కత్తి తీసుకుని బయల్దేరాడా, తగువులో చేతికందింది విసిరాడా అన్నది ఉద్దేశం. ఎందుకు పగబట్టాడన్నది కారణం. ఐపీసీలో హత్యకి వేసే 302 పడుతుందా, హత్య కిందికి రాని నరహత్యకి వేసే 304 పడుతుందా అన్నది ఎక్కువగా మొదటిదాన్ని బట్టే తేలేది. మోటివ్ మంచిదైనంత మాత్రాన హత్య హత్య కాకుండా పోదు. ఇప్పుడు ఆ సెక్షన్ల నంబర్లు మారాయి. 2024 జూలై నుంచి హత్యకి శిక్ష భారతీయ న్యాయ సంహిత 103లో ఉంది. లోపలి విషయం అదే.

నానావతి కేసు తాతయ్యకి కంఠతా వచ్చు. మాది నేవీ ఊరు. ఒక నేవీ కమాండర్ మీద హత్య కేసంటే అప్పట్లో ఇక్కడ ఎంతగా చెప్పుకునేవారో ఊహించుకోవచ్చు. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో, ఇంకొకరితో తనకి సంబంధం ఉందని భార్య చెప్పింది. ఆయన ఓడకి వెళ్ళి రివాల్వరూ ఆరు తూటాలూ తీసుకుని, ఆ మనిషి ఫ్లాట్‌కి వెళ్ళి కాల్చాడు. జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి పిలిచిన మామూలు జనం, తొమ్మిది మందిలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. హైకోర్టు ఒప్పుకోలేదు. యావజ్జీవ శిక్ష వేసింది. 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. భార్య మాట విన్న క్షణానికీ కాల్పులకీ మధ్య మూడు గంటలు గడిచాయి, ఆ వ్యవధిలో మనసు అదుపులోకి వచ్చి ఉండాలి అన్నది అందులో పెద్ద కారణం. 1964లో క్షమాభిక్ష దొరికింది. దేశం సగం ఆయన పక్షమే అప్పట్లో.

“జ్యూరీ ఆయన మనసు చూసింది,” అన్నారు తాతయ్య. “కోర్టు గడియారం చూసింది.”

ఎవరిది రైటు తాతయ్యా అన్నాను.

ఆయన దానికి జవాబు చెప్పలేదు. నావైపు తిరిగి, “సరే, వాడు ఎందుకు కోశాడో తెలిసింది. నువ్వు ఎందుకు చెప్పావు?” అన్నారు.

నేను నోరు తెరిచాను కానీ మాట రాలేదు. పుస్తకాలు పాడవుతున్నాయని చెప్పానా? మావయ్య నష్టపోతున్నాడని చెప్పానా? కాదు. అలా అయితే ఎవరూ లేనప్పుడు, మెల్లిగా చెప్పేదాన్ని. ముందు వాడినే పక్కకి పిలిచి అడిగేదాన్ని. నలుగురూ ఉండగా చెప్పింది నలుగురూ మెచ్చుకోవాలని. నేను చేసిన పనిని ఎవరైనా మంచి పనే అంటారు. దాని కారణం మాత్రం బాగాలేదు. వాడు చేసిన పని తప్పు, కారణం మాత్రం చెప్పుకోదగ్గది. పదమూడేళ్ళ మనిషిని, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఆ రాత్రంతా మేలుకుని ఉన్నాను. ఇవాళ్టికీ ఆ లెక్క నాకు పూర్తిగా తేలలేదు.

ఆ తర్వాత నేను చదివిన ప్రతి మిస్టరీనీ ఆ కళ్ళతోనే చదివాను. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం మెంబర్‌షిప్ తీసుకున్నాక ఇంగ్లిషువి మొదలుపెట్టాను. షెర్లాక్ హోమ్స్ కథల్లో క్రిస్మస్ బాతు కడుపులో నీలమణి దొరికే కథ ఉంది, 1892 నాటిది. అందులో హోమ్స్ దొంగని పట్టుకుని, గుమ్మం తెరిచి పొమ్మంటాడు. అందరూ దాన్ని జాలి అంటారు. నాకు మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండింది. ఆ దొంగకి ఆశ తప్ప వేరే కారణమే లేదు. పైగా ఏ పాపం ఎరగని ఒక ప్లంబర్ మీదకి నేరం తోసి, అతన్ని జైల్లో పెట్టించాడు. మళ్ళీ చదివితే తెలిసింది, హోమ్స్ వాడి కారణాన్ని క్షమించడం లేదు. వీడిని ఇప్పుడు జైలుకి పంపితే జీవితాంతం జైలు పక్షి అవుతాడు, వదిలేస్తే భయంతో బాగుపడతాడు అని లెక్క వేస్తున్నాడు. ప్లంబర్ మీద కేసు ఇక నిలవదని కూడా చూసుకున్నాడు. అది వేరే విషయం. జరిగినదాన్ని తూచడం కాదు, ఇక ముందు ఏం జరగాలో ఆలోచించడం. మావయ్య షాపులో మా ఎవరికీ రాని ఆలోచన అదే. వాడు చేసింది తప్పని ఒప్పుకుంటూనే, ఒక పుస్తకం రాత్రికి ఇంటికి తీసుకెళ్ళరా, పొద్దున్నే తెచ్చేయ్ అనుంటే సరిపోయేది.

హోమ్స్‌దే ఇంకో కథలో, 1904లో వచ్చింది, హత్య చేసిన ఓడ కెప్టెన్‌ని ఎదురుగా నిలబెట్టి, తన స్నేహితుడు వాట్సన్‌ని జ్యూరీ అనుకోమని తీర్పు అడుగుతాడు. చచ్చినవాడు భార్యని హింసించే తాగుబోతు. వాట్సన్ నిర్దోషి అంటాడు, మనమూ అంటాం. అగాథా క్రిస్టీ 1934లో రాసిన రైలు నవల్లో డిటెక్టివ్ పాయ్‌రో చివర రెండు పరిష్కారాలు చెప్పి, ఏది పోలీసులకి చెప్పాలో మిగతావాళ్ళకి వదిలేస్తాడు. చదవనివాళ్ళ కోసం ఇంతకంటే చెప్పను. ఈ రెండూ నాకు ఇష్టమైనవే, ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కానీ ఒకటి గమనించాను. మనల్ని హంతకుడి పక్కకి లాక్కోవడానికి రచయిత ఏం చేస్తాడంటే, చచ్చినవాడిని బొత్తిగా దుర్మార్గుణ్ణి చేస్తాడు. అప్పుడు మనం అర్థం చేసుకున్నది హంతకుడి మనసునా, లేక చచ్చినవాడి మీద మన కోపాన్నా? చచ్చినవాడు కాస్త మంచీ కాస్త చెడూ ఉన్న మామూలు మనిషైతే అప్పుడు తెలుస్తుంది మన జాలి ఏ పాటిదో.

ఈ విషయంలో నాకు బాగా నచ్చినది ఇంగ్లిషు రచయిత చెస్టర్టన్ సృష్టించిన ఫాదర్ బ్రౌన్. పొట్టిగా, గుండ్రటి మొహంతో, గొడుగు ఎక్కడో మరిచిపోయే చర్చి ఫాదర్, నేరాలు కనిపెడతాడు. నేరస్థుడిని బయటినుంచి పురుగుని చూసినట్టు చూడడు. తన లోపలే ఆ హంతకుడు తయారయ్యేదాకా ఆలోచిస్తాడు. తాను ఆ పని చేసేటంత దగ్గరికి వెళ్ళి వస్తాడు. అంత దగ్గరికి వెళ్ళినవాడు హంతకుణ్ణి అసహ్యించుకోలేడు, అలాగని వాడు చేసినదాన్ని తేలిక చేసీ మాట్లాడలేడు. ఎందుకంటే ఆ పని బరువు ఎంతో తన మీద వేసుకుని చూశాడు. మన రావిశాస్త్రి గారు డిటెక్టివ్ కథలు రాయలేదు. విశాఖ కోర్టుల్లో ప్లీడరు. సారా కేసుల్లో నిలబడ్డ మనుషుల కథలు రాశారు. అక్కడ నేరం ఎవరు చేశారో మొదటి పేజీలోనే తెలుసు. కథంతా ఎందుకు అన్నదాని మీదే నడుస్తుంది. జాలారిపేటలో ఆ చాప మీద పడుకున్నాయనకి అవి వినిపించి ఉంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనుకున్నాను.

ఈమధ్య వస్తున్న వెబ్ సిరీస్‌లు చూస్తే మాత్రం బాధేస్తుంది. ఏడు ఎపిసోడ్లు మనుషుల్ని ఘోరంగా చంపడం, ఎనిమిదో ఎపిసోడ్‌లో పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. చిన్నప్పుడు కొట్టారు, అవమానించారు, అందుకని ఇలా అయ్యాడు. అయిపోయింది. అది అర్థం చేసుకోవడం కాదు, రసీదు చింపి ఇవ్వడం. చిన్నప్పుడు దెబ్బలు తిన్న వేలమంది పెద్దయ్యాక తమ పిల్లల మీద చెయ్యి ఎత్తకుండా బతుకుతున్నారు. వీడొక్కడూ అటు ఎందుకు తిరిగాడో చెప్పకుండా మోటివ్ చెప్పేశామంటే ఎలా? మంచి నవల్లో కారణం మొదటి అధ్యాయం నుంచీ మన కళ్ళ ముందే ఉంటుంది. అందరూ మాట్లాడుకుంటున్న గదిలో ఒక మనిషి కాఫీ కప్పు కింద పెట్టే తీరులో ఉంటుంది. చివర తెలిసినప్పుడు, అయ్యో, నేను చూసి కూడా పట్టించుకోలేదే అనిపించాలి. నాకు ఆ కుర్రాడి విషయంలో అలాగే అనిపించింది. నిచ్చెన మీద నిలబడి, దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ వాడు పుస్తకం చదువుతుండటం నేను ఆ ఎండాకాలంలో కనీసం ఇరవై సార్లు చూశాను. నా నోటు పుస్తకంలో మాత్రం అది రాసుకోలేదు.

వాడిని మళ్ళీ పనిలో పెట్టుకోమని తాతయ్యని వెంటబెట్టుకుని వెళ్ళి మావయ్యని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఆయన్నీ తప్పు పట్టలేను. చివర లేని పుస్తకం ఇచ్చావని ఇద్దరు ఖాతాదార్లు మానేశారు. ఆ నవలల్లో సగం మళ్ళీ అచ్చు కాలేదు, కొందామన్నా దొరకవు. ఆ పావలాలతోనే ఆయన ఇల్లు నడవాలి. కుర్రాడు అప్పటికే ఫిషింగ్ హార్బర్‌లో ఐసు మోసే పనికి కుదిరాడు.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం, నాన్నమ్మని ఒప్పించి, ఆ పదకొండు నవలలూ గుడ్డ సంచీలో వేసుకుని చేపలావిడతో జాలారిపేట వెళ్ళాను. తాటాకు పాక. ముందు ఇసకలో నెత్తళ్ళు ఆరేసి ఉన్నాయి. ఆ వాసన నాకు బాగా తెలుసు. లోపల చాప మీద ఆయన గోడకి జారబడి కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు ఒక పాత వల మడత మీద పెట్టుకుని. నేనెవరో ఆయనకి చెప్పారనుకుంటాను. రా పాపమ్మా, కూకో అన్నాడు.

కుర్రాడు నన్ను చూసి బయటికి వెళ్ళబోయి, సంచీలో ఏముందో కనపడి ఆగాడు. తప్పయిపోయింది అన్నాను. వాడు ఏమీ అనలేదు. మూలకి వెళ్ళి ఒక తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి మూత తీశాడు. లోపల మడతలు పెట్టిన కాగితాలు, కొన్ని నీటి మరకలతో, ఒకటి నూనె అంటుకుని. నా పదకొండు నవలల్లో ఏడింటి చివరలు అందులో ఉన్నాయి.

ఇద్దరం కింద కూర్చుని కాగితాలని పేజీ నంబర్లు చూసి పుస్తకాలకి కలిపాం. తర్వాత ఒక నవల తీసుకున్నాం. పేరు ఇప్పుడు గుర్తు లేదు. కథ ముందు భాగం నేను చెప్పాను, ఆయన అంతకు ముందే కొడుకు నోట విన్నా మళ్ళీ విన్నాడు. ఎస్టేటు యజమానిని కత్తితో పొడిచి చంపారు. ఆ రాత్రి గేటు దగ్గర ఎవరినో చూసిన కారు డ్రైవరు మూడో రోజు బావిలో తేలాడు. చివరి కాగితాలు కుర్రాడు చదివాడు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదివాడు. హంతకుడు ఎస్టేటు గుమాస్తా. ఇరవై ఏళ్ళ కిందట ఆ యజమాని దొంగ కాగితాలు సృష్టించి గుమాస్తా తండ్రి పొలం లాక్కున్నాడు. తండ్రి ఆ పొలం గట్టునే ఉరేసుకున్నాడు.

చదవడం అయ్యాక ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

“పాపం,” అన్నాడు. “ఆడి కడుపు మండిపోయింది.”

పాక వెనక కెరటాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నిద్రలోకి వెళ్ళాడేమో అనుకున్నాను. అంతలో కళ్ళు తెరిచాడు.

“మరి ఆ డ్రైవరు గుంటడేటి సేసినాడ్రా?”

“సూసీసినాడు నాన్నా.”

“సూసినందుకేనా?” కాలు కొంచెం జరుపుకున్నాడు. “ఆడికీ ఇంటికాడ ఎవలో ఉంటారు గదా. ఆళ్ళ గురించేటైనా రాసినాడేటి, సూడు.”

కుర్రాడు ఆఖరి కాగితం మళ్ళీ మొదటినుంచి వేలు పెట్టుకుంటూ చూశాడు. తర్వాత దాన్ని తిప్పాడు. అటువైపు వచ్చే నెల నవల ప్రకటన ఉంది.